కొండదారికి సైకిళ్లు: ఇంటివద్దనే మొదలయ్యే ప్రయాణము



సైకిలు మన పల్లెలకు కొత్తది కాదు. పాల క్యానులు, గడ్డిమోపులు మోసినది అదే. బడికి పోయే పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొన్నది అదే. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకము పొంది, 1945లో చనిపోయేవరకు మన డోర్నకల్‌లో సేవచేసిన వి.ఎస్. అజరయ్య గారు ఎడ్లబండి మీదా సైకిలు మీదా గ్రామములు తిరిగినవారే. ఇప్పుడు మన యౌవనస్థులు ఆ సైకిలును కొండల మీదికి తీసికొనిపోవాలని ఆశపడుతున్నారు. మట్టిదారులలో, రాళ్ల మధ్య, ఎత్తుపల్లముల మీద తొక్కే ఈ ఆటకు మౌంటెన్ బైకింగ్ అని పేరు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంఘములకు వెళ్లినప్పుడు ఈ సంగతి మీద మాకు రెండు మనవులు వస్తున్నాయి. పిల్లలు వచ్చి, "అయ్యగారూ, సైకిళ్లు బండిమీద కట్టుకొని మనాలి పోతాము, నాయనకు మీరొక మాట చెప్పండి" అంటారు. వారు అటు పోగానే తల్లి వచ్చి, "అయ్యగారూ, వద్దని మీరే చెప్పండి, మీ మాటైతే వింటాడు" అంటుంది. మేము పొమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కాగితము, పెన్ను తీసికొని పిల్లలు, పెద్దలు ఒకచోట కూర్చోండి అన్నాము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము మీకు తెలిసినదే. ఆ లెక్క ఎలా వేయాలో ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

ఈ ఆట ఎక్కడిది?

1970వ దశకములో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, మారిన్ కౌంటీ అనే కొండప్రాంతమున కొందరు యౌవనస్థులు లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసికొని మట్టిదారుల వెంట కొండ దిగేవారు. ఆ సైకిళ్లకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే ఉండేది. ఏటవాలులో బ్రేకు పట్టి పట్టి హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి చేరగానే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. 1976లో వారు మొదలుపెట్టిన పందెమునకు అందుకే 'రీప్యాక్' అని పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండదారుల కొరకే ప్రత్యేకముగా సైకిలు తయారుచేశారు. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు చోటు దొరికింది. మన దేశములో హిమాచల్ ప్రదేశ్ కొండలలో 2005 నుండి దీనికి పెద్ద పోటీలు జరిగాయి.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చే పాఠమొకటి ఉన్నది. కొండమీద సైకిలుకు ఎక్కుట కష్టము, దిగుట ప్రమాదము. ఎక్కేటప్పుడు ఆయాసము వస్తే దిగి నడిపించుకొని పోవచ్చును. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఏమీ చేయలేము. గనుక సైకిలు కొనేటప్పుడు రంగు, స్ప్రింగులు చూచి మోసపోవద్దు. స్ప్రింగులున్న ప్రతి గేరు సైకిలు కొండకు పనికిరాదు. బ్రేకులు ఎట్టివి, గేర్లు జారకుండా పడుతున్నాయా, ఫ్రేము మన ఎత్తుకు సరిపోయిందా అన్నవి తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని చూడండి. తలకు హెల్మెట్టు లేకుండా ఒక్క అడుగు కూడా తొక్కనివ్వవద్దు.

రెండు రాత్రులా, ఐదు పగళ్లా?

పిల్లల లెక్క సాధారణముగా ఇలా ఉంటుంది: "రెండు పగళ్లు, రెండు రాత్రులు. ముగ్గురము మార్చి మార్చి నడిపితే మనాలి చేరతాము." అసలు ప్రమాదము ఇక్కడనే ఉన్నది. ఇంటివారు కొండను చూచి భయపడతారు గాని, కొండకు చేర్చే రోడ్డును చూచి భయపడరు. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయారు. అతివేగమే అందులో అన్నిటికంటె పెద్ద కారణము. నిద్రమత్తు, వేగము కలిసిన చోట ఎంత నేర్పరియైన డ్రైవరు కూడా బండిని నిలుపలేడు.

జనగామ నుండి కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రపూర్ మీదుగా నాగపూర్ సుమారు 500 కిలోమీటర్లు. అక్కడినుండి సాగర్ సుమారు 400. సాగర్ నుండి ఝాన్సీ, గ్వాలియర్ మీదుగా ఆగ్రా సుమారు 420. ఆగ్రా నుండి ఢిల్లీ దాటి చండీగఢ్ సుమారు 475. చండీగఢ్ నుండి మండి, కుల్లు మీదుగా మనాలి సుమారు 290, అందులో ఎక్కువ భాగము కొండదారి. మొత్తము 2,100 కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది. ఈ ఐదు ముక్కలను ఐదు పగళ్లుగా పంచుకోండి.

మోటారు రవాణా కార్మికుల కొరకు 1961లో చేసిన చట్టము రోజుకు 8 గంటల పని అని నిర్ణయించినది, ఐదు గంటల పని తరువాత కనీసము అరగంట విశ్రాంతి ఉండాలన్నది. జీతము తీసికొని రోజూ బండి నడిపేవారికే ఈ హద్దు అవసరమైతే, సంవత్సరానికొకసారి దూరము పోయే మన పిల్లలకు ఇంకెంత అవసరము! ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. రెండు గంటలకొకసారి మారాలి. పొద్దు పొడవక ముందు బయలుదేరవద్దు, చీకటి పడిన తరువాత నడుపవద్దు. "రాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి నాగపూర్" అనే మాట మన ఇండ్లలో వినబడకూడదు. మధ్యలో ఆదివారము వస్తే ఆ దినము బండి ఆపి, ఉన్న ఊరిలోని ఆరాధనకు వెళ్లండి. ఆత్మకు మేలు, డ్రైవరు కండ్లకూ మేలు.

మరియొక మాట. నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ వంటి పట్టణములలో ఉత్తర ఇండియా సంఘపు ఆలయములున్నాయి. మీ కాపరి చేత పరిచయపు ఉత్తరము వ్రాయించి నెల ముందే పంపితే, ఒక రాత్రి పండుకొనుటకు చోటు దొరకవచ్చును. జవాబు రాకుండా మాత్రము ఎవరి గుమ్మము ముందూ దిగవద్దు.

ఏ నెలలో వెళ్లాలి?

మనది వ్యవసాయము మీద బ్రతికే ప్రాంతము. జూన్‌లో పత్తి విత్తనము, జూలైలో వరినాట్లు. ఆ దినములలో ఇంటిలో చేతికందిన కొడుకు రెండు మూడు వారములు ఊరిలో లేకపోతే కూలికి మనిషిని పెట్టుకోవాలి, అదీ ఈ ప్రయాణపు ఖర్చే. అక్కడ మనాలి వైపు కూడా జూలై, ఆగస్టు మంచి నెలలు కావు. వానకు కొండచరియలు విరిగి దారి మీద పడతాయి. 2023 జూలైలో బియాస్ నదికి వచ్చిన వరద కుల్లు, మనాలి దారిని అనేక చోట్ల కోసివేసింది. వేలమంది యాత్రికులు చిక్కుకొనిపోయారు.

అక్టోబరు నుండి మనకు పత్తి ఏరుట మొదలవుతుంది, నవంబరులో వరికోతలు. గనుక మనకూ, ఆ కొండలకూ కుదిరే సమయము సెప్టెంబరు నెల చివర, అక్టోబరు మొదట. నాట్లు అయిపోయి కలుపు తగ్గి ఉంటుంది, అక్కడ వానలు వెనుకపట్టి ఉంటాయి. దసరా సెలవులు ఆ దినములలో పడితే చదువుకొనే పిల్లలకు కూడా నష్టము లేదు. అయినను బయలుదేరే వారము ముందు నుండి ఆ వైపు వాతావరణ సూచన రోజూ చూడండి. వర్షము హెచ్చరిక ఉంటే ప్రయాణము వాయిదా వేయండి.

బండి, కాగితములు

మన ఊళ్లలో తెలిసినవారి తెల్లబోర్డు బండిని కిరాయికి తీసికొనుట మామూలు. దగ్గరి పెండ్లికి పోయినట్లు అనేక రాష్ట్రములు దాటి పోవద్దు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని కిరాయికి నడిపితే, ప్రమాదము జరిగినప్పుడు బీమా పరిహారము దగ్గర చిక్కు వస్తుంది. ఆ చిక్కులో బండి యజమాని ఇల్లు, మన ఇల్లు రెండూ మునుగుతాయి. కిరాయి బండియైతే పసుపుబోర్డు ఉండాలి, ఇతర రాష్ట్రములకు టూరిస్టు పర్మిటు ఉండాలి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్టు, డ్రైవర్ల లైసెన్సుల గడువు తిరిగి వచ్చే తేదీ దాటి ఉండాలి. అన్నిటికీ రెండేసి నకళ్లు తీసి ఒకటి ఇంటిలో పెట్టండి. మనాలి పైన రోహతాంగ్ కనుమకు బండిమీద పోవాలంటే వేరే అనుమతి పత్రము తీసికోవాలి.

సైకిళ్లను బండిపైన కట్టేటప్పుడు ముందు చక్రములు విప్పి, ఫ్రేముల మధ్య పాత దుప్పట్లు పెట్టి, గేర్ల వైపు పైకి ఉండేటట్లు పరచండి. తాడు ఒక్కటే చాలదు. పాత ట్యూబును పొడవుగా కోసి చుడితే కుదుపులకు సడలదు. ప్రతి రెండు గంటలకు డ్రైవరు మారేటప్పుడు కట్లు చేతితో లాగి చూడండి. ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు, చైను లింకులు, గేరును పట్టి ఉంచే హ్యాంగరు అనే చిన్న ముక్క, ఇవి మీ సైకిలుకు సరిపోయేవి ఇక్కడనే కొని పెట్టుకోండి. ఆ చిన్న ముక్క విరిగితే వేల రూపాయల సైకిలు ఇంటికి మోసుకొని రావలసినదే.

డబ్బు లెక్క

ఆరుగురు సైకిలు తొక్కేవారు, వారికి తోడు బండి నడిపే ఇద్దరు పెద్దవారు అనుకుందాము. పోనురాను 4,200 కిలోమీటర్లు, అక్కడ తిరుగుటకు 400, మొత్తము 4,600. బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే సుమారు 385 లీటర్ల డీజిలు. లెక్క సులువు కొరకు లీటరు 100 రూపాయలనుకుంటే 38,500 రూపాయలు. పిల్లలు చాలావరకు ఈ లెక్క దగ్గర ఆగిపోయి, "మనిషికి 6,500 అయితే చాలు" అంటారు.

తిండి, పడక లెక్క వేయండి. పోవుటకు ఐదు రోజులు, వచ్చుటకు ఐదు, అక్కడ ఐదు, ఆదివారములకు రెండు, మొత్తము 17 రోజులు. ఎనిమిది మందికి 136 పూర్తి దినముల ఖర్చు. మనిషికి రోజుకు 500 రూపాయలతో సరిపెట్టినా 68,000 అవుతుంది. అంటే డీజిలు కంటె తిండి, పడకల ఖర్చే చాలా ఎక్కువ. రెండూ కలిపి 1,06,500 రూపాయలు. ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 17,750. ఇంకా బండి కిరాయి, టోలు, సైకిలు, వెచ్చని బట్టలు దీనిలో చేరలేదు. మొత్తము తేలిన తరువాత దానిలో ఐదవ వంతు వేరే కవరులో పెట్టి, జబ్బుకో మరమ్మతుకో తప్ప ముట్టవద్దు.

ఈ లెక్క చూచి కొన్ని ఇండ్లలో తల్లులు పొదుపు సంఘములో అప్పు తీసి ఇస్తామంటారు. అమ్మలారా, అట్లు చేయవద్దు. ఆ సంఘములో మీ అప్పుకు తోటి స్త్రీలందరు పూచీగా ఉంటారు. ఒక ఇంటి సరదా పది ఇండ్ల మీద భారము కాకూడదు. రెండేండ్లు కూడబెట్టి పొమ్మనండి. కూడబెట్టలేనంత పెద్దదైతే చిన్నది చేసికోండి. కాజీపేట నుండి ఢిల్లీకి నేరుగా రైళ్లున్నాయి. సైకిళ్లను ప్యాకింగు చేయించి పార్సెలుగా బుక్ చేయవచ్చును. ఢిల్లీ నుండి మనాలికి బస్సు దొరుకుతుంది. దారి రోజులు సగానికి పైగా తగ్గుతాయి, మన పిల్లలు స్టీరింగు ముందు కూర్చునే పని ఉండదు. "రోడ్డు మీద పోతేనే మజా" అనేవారు ఈ రెండు లెక్కలు పక్కపక్కన వ్రాసి చూచుకోవాలి.

ముందు మన గుట్టలు

దూరపు కొండకు పోవువాడు ముందు దగ్గరి గుట్టకు పోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము ఎక్కినప్పుడు ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివిన పేదింటి పిల్లలే. వారు నేరుగా ఎవరెస్టుకు పోలేదు. మన జనగామకు దగ్గరనే ఉన్న భువనగిరి గుట్టమీద రాయి పట్టుకొనుట నేర్చుకొని, తరువాత డార్జిలింగ్, తరువాత లడఖ్ చలిలో సాధన చేసి, అప్పుడు పోయారు. ఆడపిల్లలను పంపాలా అని అడిగే తండ్రులు కూడా ఈ సంగతి ఆలోచించాలి. ఆడపిల్లలు వెళ్లే జట్టులో ఇద్దరు పెద్ద స్త్రీలు తప్పక ఉండాలి.

కాబట్టి మూడు నెలల ముందునుండి సాధన చేయండి. మొదటి నెల వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఇరవై కిలోమీటర్లు. రెండవ నెల మహబూబాబాద్ జిల్లాలో గూడూరు మండలపు భీముని పాదము జలపాతము వైపో, బయ్యారం చెరువు వైపో ఒక పగటి ప్రయాణము. మూడవ నెల జనగామ నుండి హనుమకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి జిల్లా రేగొండ మండలములోని పాండవుల గుట్టల వరకు రెండు దినముల ప్రయాణము. ఆ ఇసుకరాతి గుట్టలలో ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. వాటిని చేతితో ముట్టవద్దు, పేర్లు చెక్కవద్దు.

మన దగ్గరే గదా అని నిర్లక్ష్యము వద్దు. భూపాలపల్లి రోడ్డుమీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరుగుతాయి. వరుసగా ఒకరి వెనుక ఒకరు తొక్కాలి, ఎదురెండకు కనబడే రంగు చొక్కాలు వేసికోవాలి. అడవి దారిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. అడవి పందుల కొరకు దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టే దుర్మార్గము ఈ ప్రాంతములో మనుషుల ప్రాణములు కూడా తీసినది. పొద్దు వాలిన తరువాత అడవి అంచున, చేల గట్ల మీద సైకిలు తొక్కవద్దు.

ఈ రెండు దినముల ప్రయాణములో ఎవరు అలిగారో, ఎవరు నీళ్లు పంచుకొన్నారో, ఎవరు చెప్పిన మాట విన్నారో తెలుస్తుంది. పదిహేడు రోజుల ప్రయాణమునకు ఎవరెవరు కలిసి పోగలరో అప్పుడు నిర్ణయించుకోండి.

ఎత్తు అనే శత్రువు

జనగామ, వరంగల్ ప్రాంతము సముద్రమట్టమునకు 400 మీటర్ల లోపే ఉన్నది. మనాలి 2,000 మీటర్ల పైన. అక్కడినుండి లేహ్ పోయే దారిలో బారాలాచా కనుమ సుమారు 4,900 మీటర్లు, తంగ్‌లాంగ్ కనుమ 5,300 మీటర్ల పైన. అంత ఎత్తున ఒక్కొక్క ఊపిరిలో మనకు దొరికే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగమునకు కొంచెము ఎక్కువ, అంతే. శరీరము దీనికి అలవాటు పడుటకు దినములు కావాలి. బలవంతుడా బలహీనుడా అని ఆ జబ్బు చూడదు.

3,000 మీటర్లు దాటిన తరువాత, పండుకొనే చోటు ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొక విశ్రాంతి దినము ఉండాలని వైద్యులు చెబుతారు. మనాలిలో పొద్దున బయలుదేరి రాత్రికి 4,200 మీటర్ల పైనున్న సర్చూలో పండుకొని జబ్బుపడేవారు చాలామంది. తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవుట మొదటి గుర్తులు. అప్పుడే ఆగాలి, ఇంక ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసము రావడము, మాట తడబడుట, నడక తూలుట కనబడితే రాత్రియైనా సరే వెంటనే కిందికి దింపాలి. దానిని మించిన మందు లేదు. మందుబిళ్లలు డాక్టరు చూచి వ్రాసినవే తీసికోవాలి. ఉబ్బసము, గుండెజబ్బు, రక్తహీనత ఉన్నవారు ముందే పరీక్ష చేయించుకోవాలి.

అందుచేత మొదటిసారి పోయే జట్టుకు మా సలహా ఒకటే: లేహ్ తలపెట్టవద్దు. మనాలిలో రెండు రాత్రులు ఉండి, నది ఎడమగట్టున నగ్గర్ వరకు సుమారు 20 కిలోమీటర్ల దారి, సోలాంగ్ లోయ దారి తొక్కండి. దేవదారు చెట్ల నడుమ, మంచు శిఖరములు చూస్తూ తొక్కుటకు అవే చాలు. తక్కినది మరియొక సంవత్సరమునకు ఉండనివ్వండి.

ఆపే అధికారము ఎవరిది?

చివరిగా, కాగితము మీద వ్రాసి అందరూ సంతకము చేయవలసిన మాట ఒకటున్నది. ప్రయాణమును ఆపే అధికారము ముగ్గురికి ఇవ్వండి. నిద్ర వస్తున్నదన్న డ్రైవరుకు, ఒంట్లో బాగులేదన్న వ్యక్తికి, జట్టులోని పెద్దకు. ఈ ముగ్గురిలో ఎవరు "ఆపండి" అన్నా బండి ఆగాలి, సైకిలు దిగాలి. వాదన ఉండకూడదు, ఎగతాళి అసలే ఉండకూడదు. "ఇంతదూరము వచ్చి, ఇంత ఖర్చుపెట్టి, ఇప్పుడు వెనుకకా?" అనే మాట చాలా ఇండ్లలో దీపములు ఆర్పినది. ఇంటివద్ద చల్లగా కూర్చున్నప్పుడు చేసిన నిర్ణయమే అక్కడ అలసిన వేళ పిల్లలను కాపాడుతుంది.

తండ్రులారా, ఈ లెక్కలన్నీ వ్రాసి తెచ్చి మీ ముందు పెట్టిన కొడుకునో కూతురునో వెంటనే కాదనవద్దు. అంత ఓపికగా లెక్క వ్రాసినవారు దారిలో కూడా ఓపికగా ఉండగలరు. ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు ఇంటికి ఫోను చేయాలని షరతు పెట్టండి. యౌవనస్థులారా, లెక్క వ్రాయకుండా అనుమతి అడుగవద్దు. ఈ సంవత్సరము డబ్బు చాలకపోయినా, దారి కుదరకపోయినా చిన్నబోవద్దు. పాండవుల గుట్టలు మీకు ఒక పగటి దూరములోనే ఉన్నాయి. వచ్చే శనివారము తెల్లవారుజామున టైర్లలో గాలి చూచుకొని, మీ నాయనకు చెప్పి బయలుదేరి, మొదటి ఇరవై కిలోమీటర్లు తొక్కి రండి.